స్థానిక సంస్థల వెబ్‌సైట్లు: కట్టే కంపెనీ, కొనే కార్యాలయం, మధ్యలో ఒప్పందం

తెలంగాణ పట్టణాలలో ఏడాది మొత్తం ఇంటి పన్నును ఏప్రిల్ ముగిసేలోగా చెల్లించినవారికి కొన్నేళ్లుగా 5 శాతం రాయితీ ఇస్తున్నారు. ఆ నెల చివరి రోజుల్లో వరంగల్‌లో మీసేవ కేంద్రాల ముందు, పన్ను కౌంటర్ల దగ్గర కొన్ని మాటలు తరచూ వినిపిస్తాయి. ఖాతాలోంచి డబ్బు పోయింది గానీ రసీదు రాలేదని ఒకరంటారు. పాత ఇంటి నంబరు కొడితే వివరాలు రావడం లేదని మరొకరంటారు. ఇల్లు తన పేరు మీదికి మారినా డిమాండు నోటీసు ఇంకా తండ్రి పేరు మీదే వస్తోందని ఇంకొకరంటారు. మొదటిది బ్యాంకుకూ పురపాలక ఖాతాకూ మధ్య లెక్క సరిపోల్చే పని. రెండోది పాత ఇంటి నంబరును పది అంకెల ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్యతో జతచేసే పని. మూడోది యాజమాన్య మార్పిడిని రికార్డులోకి ఎక్కించే పని. కౌంటర్ ముందు నిలబడిన మనిషికి ఈ తేడాలతో నిమిత్తం లేదు. ఆయనకు కనిపించేది ఒకే తెర, అడగాల్సింది ఒకే ప్రశ్న: దీనికి బాధ్యులు ఎవరు? కార్యాలయం కంపెనీని చూపిస్తుంది, కంపెనీ బ్యాంకును చూపిస్తుంది, బ్యాంకు రెండు రోజులు ఆగమంటుంది.

పురపాలక సంఘాలకు, పంచాయతీలకు వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు కట్టిపెట్టే కంపెనీల గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెట్టాలి. అలాంటి కంపెనీ చేతిలో పెడుతున్నది ఒక ఊరి రికార్డు. ఎవరి ఇల్లు ఎక్కడుంది, ఎంత బకాయి ఉంది, ఏ అర్జీ ఎవరి బల్ల మీద ఆగింది అన్న లెక్కంతా అందులోనే ఉంటుంది. రికార్డు ఏటేటా మారుతూనే ఉంటుంది కనుక, కట్టిన నాటి ధర కంటే నడిపే ఏళ్లకు రాసుకున్న షరతులే ముఖ్యం. టెండరు పత్రాలలో మాత్రం ధర ముందు పేజీలో ఉంటుంది, షరతులు చివరి పేజీల్లో ఎక్కడో ఉంటాయి.

ఈ రంగం తెలుగు నేలకు కొత్తది కాదు. హైదరాబాద్‌లో 2001లోనే ఈసేవ కేంద్రాలు వచ్చాయి. అదే ఏడాది సుపరిపాలనా కేంద్రం ఏర్పడింది. సీజీజీ అన్న పొడి పేరుతో అందరికీ తెలిసిన ఆ సంస్థ తరువాతి కాలంలో పురపాలక శాఖకు ఎన్నో సాఫ్ట్‌వేర్లు తయారుచేసింది. 2011 నవంబరులో మీసేవ మొదలై, డిజిటల్ సంతకంతో కూడిన ధ్రువపత్రాన్ని కౌంటర్ దగ్గరే ఇవ్వడం అలవాటు చేసింది. జిల్లాల వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ ఒకే మూసలో తయారుచేసి ఇస్తుంది. బెంగళూరులో 2003లో పుట్టిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ తన కోడ్‌ను అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాలు ఆ బాటలో చాలా దూరం వెళ్లాయి. అంటే ఒక ప్రైవేటు కంపెనీ వరంగల్‌లోనో జగిత్యాలలోనో అడుగుపెట్టే సరికి పెద్ద సేవల్లో చాలా భాగం రాష్ట్ర స్థాయిలోనే అమరి ఉంటాయి.

ఆ పెద్ద సేవల్లో ఒకదాన్ని దగ్గరగా చూస్తే కంపెనీ చేసే పని స్వభావం అర్థమవుతుంది. 2019 పురపాలక చట్టం తరువాత 2020 నవంబరులో భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్ బీపాస్ వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతి అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు. గడువును రాసింది చట్టమే అయినా, ఆ రోజులను లెక్కపెట్టేది సాఫ్ట్‌వేర్. లెక్క దరఖాస్తు పంపిన రోజు నుంచా, ఫీజు జమ అయిన రోజు నుంచా? ఒక పత్రం తక్కువైందని అధికారి తిప్పి పంపితే గడియారం ఆగుతుందా, మళ్లీ మొదటి నుంచి నడుస్తుందా? సెలవు రోజులు లెక్కలోకి వస్తాయా? ఇలాంటివి నిబంధనల్లో స్పష్టంగా లేనిచోట ప్రోగ్రామర్ రాసిన ఒక వరుసే పౌరుడి హక్కు ఎంతన్నది తేలుస్తుంది. అందువల్ల ఈ కంపెనీలను కేవలం సరుకు అందించేవారుగా చూడడం పొరపాటు. వారు రాసిన తర్కాన్ని చదివి, ఔను ఇది చట్టం ప్రకారమే ఉందని సంతకం పెట్టే అధికారి ఒకరు కార్యాలయంలో ఉండాలి. ఈ పనికి ఎవరినీ నియమించని చోట కంపెనీని తప్పుపట్టడం న్యాయం కాదు.

పెద్ద సేవలు రాష్ట్రం చేతిలో ఉంటే స్థానిక కంపెనీకి మిగిలేది తక్కువేమీ కాదు. డివిజన్ల వారీగా మంజూరైన పనులు, పాలక మండలి తీర్మానాలు, బడ్జెట్, దుకాణాల అద్దెలు, ట్రేడ్ లైసెన్సులు, కమ్యూనిటీ హాలు బుకింగ్, నల్లా ఫిర్యాదులు, వీధి దీపాలు, సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్ కింద తమంత తాముగా ప్రకటించాల్సిన 17 అంశాలు అన్నీ ఊరి స్థాయిలోనివే. సామాన్యుడికి రోజూ అవసరమయ్యేవి కూడా ఇవే.

ఉత్తర తెలంగాణలో ఈ పని చేసేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు భౌగోళికం. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. అయిదేళ్లలో మూడు మార్పులు. కాగితం మీద ఒక ఉత్తర్వుతో పని అయిపోతుంది. డేటాబేస్‌లో మాత్రం ప్రతి గ్రామానికీ మండలం, జిల్లా కోడ్‌లు మారాలి. పాత ధ్రువపత్రాలు పాత పేరుతోనే చెల్లుబాటు కావాలి. కొత్తవి కొత్త పేరుతో రావాలి. వరంగల్ అని ఎంచుకున్నవాడి ఉద్దేశం నగరమా, ఇప్పటి జిల్లానా, ఉమ్మడి జిల్లానా అన్నది తెర తెలుసుకోవాలి. ఒక్క హనుమకొండ పేరునే హన్మకొండ, హనమకొండ, హనుమకొండ అని మూడు రకాలుగా రాస్తారు. వెతికే పెట్టె ఒక్క రూపాన్నే గుర్తిస్తే మిగతా ఇద్దరికీ వివరాలు లేవు అన్న జవాబే వస్తుంది.

నగరం లోపల కూడా ఇదే కథ. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో 2021 ఎన్నికలకు ముందు 58గా ఉన్న డివిజన్లు 66 అయ్యాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిన ఈ నగరం రెండు జిల్లాల మధ్య విస్తరించి ఉంది. చెత్త బండి రావడం లేదని కాశీబుగ్గ నుంచి ఒక మహిళ ఫోన్‌లో ఫిర్యాదు పెట్టిందనుకుందాం. ఆ వీధి ఇప్పుడు ఏ డివిజన్‌లో ఉంది, అక్కడి పారిశుధ్య జవాను ఎవరు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఎవరు అన్నది పట్టికలో సరిగ్గా ఉంటేనే ఆ ఫిర్యాదు చేరాల్సిన చోటికి చేరుతుంది. పాత పట్టికే ఉంటే ఫిర్యాదు బదిలీ అయిన మనిషి ఫోన్‌కు వెళ్లి పడుకుంటుంది, మూడో రోజు పరిష్కరించబడినది అని మూసుకుపోతుంది. ఇంటి నంబర్లయితే మరీ చిక్కు. డివిజన్లు మారినా నంబర్ల వరుస పాత వార్డులదే కావచ్చు. 2-7-318/1/ఏ లాంటి నంబరులో అడ్డగీతను అంగీకరించని దరఖాస్తు పెట్టెను తయారుచేసినవారు ఈ ఊళ్లో ఒక్క ఇంటి గుమ్మం మీది రేకును కూడా చూసి ఉండరు.

రెండో చిక్కు లిపి. ప్రతి భాష అక్షరానికీ ఏ యంత్రమైనా గుర్తించే సంకేతాన్నిచ్చే ప్రమాణం యూనికోడ్. తెలుగుకు 1991లోనే అందులో చోటు దక్కింది. అయినా మన కార్యాలయాల్లో, డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైపు చేయడం ఇప్పటికీ ఉంది. అలా టైపు చేసిన నోటీసును ప్రింటు తీసి, అధికారి సంతకం పెట్టి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. చూపు ఉన్నవారికి అది కనిపిస్తుంది. వెతికితే దొరకదు, ఎందుకంటే యంత్రానికి అది అక్షరాలు కాదు, ఒక బొమ్మ. చూపులేనివారి ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పేజీ దగ్గర మౌనంగా ఉండిపోతుంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, 2018లో, 2023లో మళ్లీ సవరించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఇన్ని ఉన్నా స్కాన్ చేసిన పీడీఎఫ్ ఆగలేదంటే కారణం సాంకేతికం కాదు. ఆ నోటీసును యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వాల్సింది గుమాస్తానా, కంపెనీవారా అన్నది ఒప్పందంలో ఎక్కడా ఉండదు.

తెలుగు వాడితే అయ్యే ఖర్చు గురించి కూడా చెప్పుకోవాలి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అక్షరాలు 160 పడతాయి. తెలుగులో పంపితే 70 మాత్రమే. పైగా యంత్రం లెక్కలో గుణింతం వేరు, ఒత్తు వేరు. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే స్త్రీ ఆరు గుర్తులవుతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరు మనకు అయిదక్షరాలు, యంత్రానికి పదమూడు గుర్తులు, నిల్వ చేసేటప్పుడు ముప్పై తొమ్మిది బైట్లు. ఇంటి నంబరు, కట్టిన మొత్తం, తేదీ వివరాలతో పన్ను రసీదు సందేశాన్ని తెలుగులో పంపితే అది సులభంగా రెండు మూడు సందేశాల ఖర్చవుతుంది. అందుకే తక్కువ ధరకు టెండరు వేసిన కంపెనీ సందేశాలన్నీ ఇంగ్లిష్‌లోనే పెడుతుంది. ఇంగ్లిష్ చదవలేని అవ్వ ఆ సందేశాన్ని పక్కింటి పిల్లవాడికి చూపించుకుంటుంది. తెలుగు సందేశం తప్పనిసరి అని, దాని ఖర్చును విడిగా లెక్కగట్టి ఇస్తామని టెండరులో రాస్తే ఈ సమస్య ఒక్క వాక్యంతో తీరిపోతుంది. ఉర్దూ రాష్ట్ర రెండో అధికార భాష కనుక, కుడి నుంచి ఎడమకు నడిచే ఆ లిపికి కూడా పేజీ మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండాలి; తరువాత అతికిస్తే పేజీ అంతా చెదిరిపోతుంది.

టెండరు విషయానికి వద్దాం. రోడ్డు పనికి ఎస్టిమేట్ వేసి, తక్కువ ధర వేసినవారికి ఇచ్చి, పని కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో రాసి బిల్లు చెల్లించడం పురపాలక కార్యాలయానికి అలవాటైన పద్ధతి. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇదే కొలబద్దతో కొంటే వచ్చే ఫలితం ముందే ఊహించవచ్చు. పేజీలు ఎన్ని, మాడ్యూళ్లు ఎన్ని అని లెక్కపెట్టి బిల్లు పాస్ చేస్తారు. నిర్వహణకు ఏడాది ఒప్పందం ఉంటుంది. ఆ ఏడాది దాటాక డొమైన్ పునరుద్ధరణ ఎవరిది, సర్వర్ అద్దె ఎవరిది, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థతో భద్రతా తనిఖీ మళ్లీ ఎవరు చేయించాలి, ఓటీపీ సందేశాల ప్యాకేజీ అయిపోతే ఎవరు నింపాలి? ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ప్యాకేజీ అయిపోయిన రోజున ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఎవరూ లోపలికి వెళ్లలేరు, సర్వర్ నిక్షేపంగా నడుస్తున్నా ఊరికి మాత్రం వెబ్‌సైట్ పనిచేయడం లేదు. కట్టే ధరను బాగా తగ్గించి పని దక్కించుకుని, తరువాత ప్రతి చిన్న మార్పుకూ విడిగా బిల్లు వేసి నష్టం పూడ్చుకునే అలవాటు ఈ పద్ధతి నుంచే పుడుతుంది. పద్ధతి మారకుండా కంపెనీ మారితే మళ్లీ అదే జరుగుతుంది.

కాకతీయుల గడ్డ మీద ఈ సంగతిని వివరించడానికి దూరం వెళ్లనక్కరలేదు. గొలుసుకట్టు చెరువులు ఏడెనిమిది వందల ఏళ్లు నిలిచింది కట్ట గట్టిగా పోసినందువల్ల మాత్రమే కాదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే నీరటికాడు ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు, అతని బతుకుతెరువుకు ఊరు ఏర్పాటు చేసేది. పూడిక తీయడం, కట్ట మీది కంప కొట్టడం ఏటా చేసే పనులుగా ఉండేవి. వెబ్‌సైట్‌కు కూడా అలాంటి మనిషి, అలాంటి ఏర్పాటు కావాలి.

ఇతర చోట్ల ఈ పనిని వేర్వేరుగా చక్కబెట్టుకున్నారు. అమెరికాలో దాదాపు 90 వేల స్థానిక ప్రభుత్వాలు ఉన్నాయి. వాటికి మాత్రమే వెబ్‌సైట్లు, సేవలు అందిస్తూ ఏటా చందా తీసుకునే కంపెనీలు 1990ల చివరి నుంచి ఎదిగాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌ను వేల ఊళ్లకు ఇస్తారు కనుక ఒక్కో ఊరికి భారం తగ్గుతుంది, కానీ చందా ఆపితే సేవ ఆగుతుంది. బ్రిటన్‌లో కొన్ని కౌన్సిళ్లు 2019 నుంచి లోకల్‌గవ్ ద్రుపల్ పేరుతో ఉమ్మడి కోడ్‌ను తామే పెంచుకుంటున్నాయి. కంపెనీలు ఉన్నాయి గానీ అవి అమ్మేది పనితనం మాత్రమే, కోడ్ అందరిదీ. కేరళ 1999లోనే ఇన్ఫర్మేషన్ కేరళ మిషన్‌ను స్థాపించి స్థానిక సంస్థలకు ప్రభుత్వమే సాఫ్ట్‌వేర్ రాయించింది. 2024 జనవరి 1 నుంచి పట్టణాలలో ఆ సంస్థ తయారుచేసిన కే-స్మార్ట్ ఆన్‌లైన్ సేవల వేదిక నడుస్తోంది. తెలంగాణకు బ్రిటన్, కేరళ పద్ధతుల మిశ్రమమే నప్పుతుందని చెప్పవచ్చు: మూల సేవలు రాష్ట్రానివి, ఊరికి ప్రత్యేకమైన భాగం కోడ్ తెరిచిపెట్టి స్థానిక కంపెనీలు చేయాలి. చందా పద్ధతి ఏటా నిధుల రాక ఎప్పుడో తెలియని చిన్న పురపాలక సంఘాలకు ప్రమాదకరం.

గ్రామ పంచాయతీల సంగతి మరీ భిన్నం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు కూడా పంచాయతీలై మొత్తం సంఖ్య 12,700 దాటింది. జమాఖర్చులకు 2020 ఏప్రిల్ 24న మొదలైన కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్ ఉంది. ఉపాధి హామీ హాజరుకు ఒక యాప్, పారిశుధ్యానికి ఒక యాప్, ఇంకా ఎన్నో. అన్నింటికీ మనిషి ఒకడే, పంచాయతీ కార్యదర్శి. పొద్దున్నే మోరీ దగ్గర ఫొటో తీసి, సిగ్నల్ ఉన్న మిట్ట వెతుక్కుని, అప్‌లోడ్ అయ్యే దాకా నిలబడే ఆ ఉద్యోగికి ఇంకో పోర్టల్ తెచ్చి ఇస్తామనే కంపెనీని ముందుగా ఒక మాట అడగాలి: ఇది ఇప్పటికే ఉన్న యాప్‌లలోంచి వివరాలు తీసుకుంటుందా, మళ్లీ టైపు చేయమంటుందా? మళ్లీ టైపు చేయించేదైతే అది ఎంత అందంగా ఉన్నా ఆరు నెలల్లో పాతబడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. సర్పంచ్ పేరు, ఫోన్ నంబరు అన్న గడిలో ఆ కాలంలో ఏముండాలన్న ఆలోచన కూడా ఎక్కువ సాఫ్ట్‌వేర్లకు ఉండదు.

మామూలు రోజుల్లో నడిచే వ్యవస్థ అసలు రోజున నిలబడుతుందా అన్నది వేరే పరీక్ష. 2023 జూలై చివరి వారంలో వరంగల్‌లో హంటర్ రోడ్డు ప్రాంతపు కాలనీలు నీట మునిగినప్పుడు జనానికి కావలసింది పునరావాస కేంద్రం ఎక్కడ, పడవ కోసం ఎవరికి ఫోన్ చేయాలి అన్న రెండు సంగతులు. అప్పుడు కరెంటు ఉండదు, ఫోన్ ఛార్జింగ్ తక్కువ, సిగ్నల్ బలహీనం. తెర నిండా జారిపోయే పెద్ద ఫొటోలు, ప్రముఖుల చిత్రాలు దిగేదాకా ఆగాల్సిన పేజీ ఆ రోజున పనికిరాదు. నాలుగు వరుసల అక్షరాలతో తెరుచుకునే ఆపత్కాల పేజీ ఉండాలని ఒప్పందంలోనే రాయాలి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు తాడ్వాయి అడవిలోకి కోటి మంది దాకా వస్తారని లెక్క వేస్తారు. పార్కింగ్ ఎక్కడ, బస్సు ఎక్కడ, తప్పిపోయిన పిల్లల శిబిరం ఎక్కడ అన్నవి సిగ్నల్ లేకున్నా ఫోన్‌లో నిలిచి ఉండేలా చేయగలగాలి. ఏడాది పొడవునా పెద్ద సర్వర్ అద్దె కట్టనక్కరలేదు, నాలుగు రోజులకు పెంచి తరువాత తగ్గించే ఏర్పాటు ఈ రోజుల్లో మామూలే. అయితే ఆ పెంపుకు అనుమతి ఎవరిది, బిల్లు ఎవరిది అన్నది జాతరకు నెల ముందే తేలిపోవాలి.

ఈ పనులకు మనుషులు దూరం నుంచి రానక్కరలేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్ఐటీ కాజీపేట పక్కనే ఉంది. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్నాయి. అదే ఏడాది కరీంనగర్‌లో, 2023లో నిజామాబాద్‌లో ఐటీ టవర్లు వచ్చాయి. ఇక్కడి పిల్లలు ఎక్కడో దేశాల బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాయగలుగుతున్నప్పుడు సొంత ఊరి నల్లా ఫిర్యాదుకు రాయలేకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. గత కొన్నేళ్ల టర్నోవర్ ఇంత, చేసిన పనులు ఇన్ని అని అడిగే టెండరు అర్హతలు చిన్న కంపెనీని గుమ్మంలోనే ఆపేస్తాయి. దాటి వచ్చినా బిల్లు ఎప్పుడు పాస్ అవుతుందో తెలియక జీతాలు ఇవ్వలేక వెనక్కి పోతాయి. అర్హతలను సడలించి, పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, చెల్లింపును మూడు నెలలకోసారి సేవ నడిచిన తీరును బట్టి ఇస్తే స్థానిక కంపెనీలు నిలదొక్కుకుంటాయి.

ఇక మిగిలింది కంపెనీ, కార్యాలయం విడిపోయే రోజు. ధరణి 2020 అక్టోబరు 29న మొదలై, ప్రైవేటు సంస్థ నిర్వహణలో నడిచి, 2024 చివర్లో ఎన్ఐసీ చేతికి మారింది; 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. రాష్ట్రమంతటి భూముల రికార్డు కనుక ఆ మార్పిడి మీద ప్రభుత్వం మొత్తం దృష్టి పెట్టగలిగింది. నర్సంపేట, పరకాల స్థాయి పురపాలక సంఘంలో కంపెనీ ఒప్పందం ముగిస్తే అంత బలగం ఉండదు. కాబట్టి పని మొదలయ్యే రోజునే అప్పగింత జాబితా ఒప్పందానికి జతపరచాలి. డొమైన్ కమిషనర్ కార్యాలయం పేరు మీద, జీవోవీ డాట్ ఇన్ కింద ఉండాలి. సర్వర్, ఎస్సెమ్మెస్, పేమెంట్ గేట్‌వే ఖాతాల పాస్‌వర్డులు కార్యాలయం దగ్గర సీలు చేసి ఉండాలి. సోర్సు కోడ్ ప్రతి మూడు నెలలకూ అందాలి. డేటా మొత్తం ఎవరైనా తెరవగలిగే మామూలు పట్టికల రూపంలో, ఏ గడిలో ఏముందో తెలుగులో రాసిన వివరణతో సహా రావాలి. కంపెనీ తన దగ్గరి ప్రతిని తొలగించినట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ జాబితా ప్రకారం ఏడాదికోసారి ఉత్తుత్తి అప్పగింత చేసి చూడాలి: కంపెనీ మనుషులు పక్కకు తప్పుకుంటే, కార్యాలయ సిబ్బంది ఆ కాపీతో వేరే యంత్రం మీద ఒక ఇంటి పన్ను రసీదును తీసి చూపించగలగాలి. ఆ రసీదు వచ్చే దాకా ఆఖరి విడత బిల్లు ఆపి ఉంచాలి.